అవ్వ పంపిన ఉసిళ్ల డబ్బా

మా ఆఫీసులో నెలకోసారి శుక్రవారం సాయంత్రం 'ఫన్ కాల్' ఉంటుంది. పేరులోనే ఫన్ ఉంది కాబట్టి కెమెరా ఆన్ చేసి నవ్వాలి. పోయిన ఏప్రిల్‌లో ఆట ఏంటంటే, చిన్నప్పుడు మీ ఇంట్లో తిన్న తిండిలో బయటివాళ్లు వింతగా చూసేది ఏదో చెప్పాలి.

మొదట అందరూ సేఫ్‌గా ఆడారు. ఒకరు పెరుగన్నంలో మామిడిపండు పిసుక్కుని తింటామన్నారు. గోదావరి జిల్లా అన్న ఒకాయన తరవాణి గురించి చెప్పాడు. కుండలో గంజి, అన్నం పులియబెట్టి, ఆ పుల్లటి నీళ్లతో పొద్దున్నే చద్దన్నం తినడమట. తెలంగాణ నుంచి వచ్చిన అమ్మాయి మేక నెత్తురుతో చేసే నల్ల వేపుడు గురించి చెప్పింది. ఢిల్లీ కుర్రాడికైతే మన జున్నే వింత. ఈనిన బర్రె మొదటి పాలతో స్వీటు చేస్తారా అని నోరెళ్లబెట్టాడు.

అప్పుడు మా టీమ్‌లోని అస్సాం అమ్మాయి అన్‌మ్యూట్ చేసింది. కొత్తగా చేరింది, ఎక్కువ మాట్లాడదు. "మా ఇంట్లో ఎరి పట్టుపురుగులు తింటాం. ఆముదం ఆకులు తిని పెరుగుతాయి. గూట్లోంచి తీసి, ఉప్పూ కారం వేసి వేయిస్తుంది అమ్మ. ఆ రోజు నేను రెండు ముద్దలు ఎక్కువే తింటా" అంది.

రెండు సెకన్లు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఎవరో "ఈయూ" అన్నారు. అంతే, స్క్రీన్ నిండా వాంతి ఎమోజీలు. అందులో ఒకటి నాది.

నా వంతు వచ్చింది. "పెరుగులో చక్కెర" అన్నాను. "అది అందరూ తింటారు కదరా బాబూ" అని నవ్వేసి ముందుకెళ్లిపోయారు. కాల్ అయిపోయాక చాలాసేపు ల్యాప్‌టాప్ ముందే కూర్చున్నా.

ఎందుకంటే నేనూ పురుగులు తిన్నవాణ్నే. సరదాకి ఒకటో రెండో కాదు, గ్లాసులు గ్లాసులు. ఉప్పేసుకుని, బెల్లమేసుకుని, జేబుల్లో పోసుకుని బడికి కూడా పట్టుకెళ్లి తిన్నా.

ముంగారు వాన, లాంతరు, బేసిన్

మాది మదనపల్లె దగ్గర పల్లెటూరు. మా వైపు ఎండాకాలం చివర్లో పడే తొలి వానల్ని ముంగారు వానలంటారు. సాయంత్రం గట్టిగా కురిసి, గాలి ఆగిపోయి, ఒళ్లంతా జిడ్డుగా ఉక్కపోసే రాత్రి ఒకటి వస్తుంది. ఆ రాత్రి పుట్టల్లోంచి ఉసిళ్లు లేస్తాయి. మీరు సిటీలో పుట్టినవాళ్లైనా వీటిని చూసే ఉంటారు. వాన పడిన రాత్రి ట్యూబ్‌లైట్ చుట్టూ ముసిరి, పొద్దున్నే గుమ్మంలో కుప్పలుగా రెక్కలు వదిలిపెట్టిపోయేవి అవే. రెక్కలొచ్చిన చెదలు.

కొంచెం సైన్స్ చెప్పుకుందాం. పుట్టలోని చెదల్లో కొన్నింటికే రెక్కలొస్తాయి. కాబోయే రాజులూ రాణులూ అవే. నేల తడిస్తేనే కొత్త గూడు తవ్వుకోగలవు, అందుకే వాన కోసం కాచుకుంటాయి. చుట్టుపక్కల పుట్టలన్నింటిలోంచి దాదాపు ఒకేసారి లేస్తాయి. పిట్టలు, బల్లులు, కప్పలు, కుక్కలు ఎన్ని తిన్నా ఇంకా కొన్ని మిగలాలిగా మరి. కాసేపు ఎగిరి, రెక్కలు రాల్చేసి, జోడీ కట్టి మట్టిలోకి దిగుతాయి. కొత్త గూట్లో మొదటి పిల్లలకు తిండి ఎక్కణ్నుంచి వస్తుందో తెలుసా? తల్లిదండ్రుల ఒంట్లో దాచుకున్న నిల్వలోంచే. అందుకే ఉసిళ్లు అంత కొవ్వు పట్టి ఉంటాయి. మంగలంలో వేస్తే చుక్క నూనె అక్కర్లేదు, వాటి నూనెలో అవే వేగుతాయి.

ఇవన్నీ నేను తర్వాత చదువుకున్నవి. మా అవ్వ ఏ పుస్తకమూ చదవలేదు. కానీ మధ్యాహ్నం మబ్బు చూసి "ఈ రేత్రికి లేస్తాయి" అంటే లేచేవి. ఇప్పుడు నా ఫోన్లో మూడు వెదర్ యాప్‌లున్నాయి. ఒక్కటీ ఆమెతో పోటీ పడలేదు.

చీకటి పడగానే వీధిలో లైట్లన్నీ ఆర్పేవాళ్లం. ఊరి బయట పుట్టకు కొంచెం దూరంలో లాంతరు, దాని కింద వెడల్పాటి బేసిన్లో నీళ్లు. వెలుతురుకొచ్చినవి నీళ్లలో పడేవి. అవ్వ పుట్టను మాత్రం తవ్వనిచ్చేది కాదు. నాగుల చవితికి పాలు పోసే పుట్ట అది. ముందు దణ్నం పెట్టించేది. "అదిచ్చింది తీసుకోవల్ల, లోపల చెయ్యి పెట్టగూడదు" అనేది. మా పిల్లగుంపుకి అదొక పండగ. పరీక్షలు అయిపోయుండేవి, బడి ఇంకా తెరిచుండేది కాదు. ఎవరి బేసిన్ ఎక్కువ నిండిందో పందెం.

పొద్దున్నే వాటిని ఎండలో ఆరబోసి, చాటలో చెరిగితే రెక్కలన్నీ గాలికి పోయేవి. తర్వాత మంగలం పొయ్యి మీదకెక్కేది. మంగలం తెలియనివాళ్ల కోసం, అది పేలాలు వేయించే మట్టి పాత్ర. సన్నటి మంట మీద కట్టెపుల్లల చీపురుతో తిప్పుతూ వేయిస్తే ఇల్లంతా ఒక వాసన. నెయ్యి కాచినప్పటి వాసనకీ, చెనక్కాయలు వేయించినప్పటి వాసనకీ మధ్యలో ఉంటుంది. అందులో వేయించిన బియ్యం, చెనక్కాయ గింజలు, ఉప్పు. పిల్లలకైతే బెల్లం పొడి. గ్లాసులో పోసి ఇస్తే అరుగు మీద కూర్చుని కరకరమంటూ తినేవాళ్లం. పంటి కింద మొదట కరకర, తర్వాత వెన్న లాంటి మెత్తదనం.

అదే వానకు పుట్టల మీద గొడుగులు కూడా లేచేవి. చెదలు పుట్ట లోపల ఎండుటాకులూ పుల్లలూ తెచ్చి ఒక రకం బూజును పెంచుకుంటాయి. వానకు ఆ బూజు నుంచే గొడుగులు మట్టి చీల్చుకుని పైకొస్తాయి. పుట్టగొడుగు అనే మాటలోనే ఆ సైన్స్ అంతా ఉంది. ఇప్పుడు సూపర్ మార్కెట్లో ప్లాస్టిక్ డబ్బాలో అమ్మే బటన్ మష్రూమ్‌ను కూడా పుట్టగొడుగు అనే అంటున్నాం గానీ, అది ఏ పుట్టనూ చూసి ఉండదు.

హాస్టల్లో డబ్బా తెరిచారు

ఇంజనీరింగ్ సెకండియర్‌లో ఉన్నప్పుడు అవ్వ ఒక పాత బూస్ట్ డబ్బా నిండా ఉసిళ్లు వేయించి, మూతకు గుడ్డ కట్టి, ఊరి నుంచి వస్తున్న ఎవరో చేతికిచ్చి పంపింది. నేను క్లాసులో ఉన్నా. మా రూమ్‌మేట్లు ఆకలి మీదున్నారు. ఇంటి నుంచి వచ్చిన డబ్బా అంటే హాస్టల్లో అందరిదీ కదా. తెరిచారు. ఒకడు గుప్పెడు నోట్లో వేసుకుని "భలే ఉందిరా, ఏంటిది?" అన్నాడట. రెండో గుప్పెడు తీసుకుని దీపం వెలుతుర్లో చూశాడట.

నేను వచ్చేసరికి కారిడార్ అంతా జనం. వీడియో తీశారు. ఆ రాత్రికి క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఉంది. మిగిలిన రెండున్నరేళ్లు నా పేరు చెదలు. "ఒరే చెదలూ, నీ పుస్తకాలు జాగ్రత్తరా, ఆకలేస్తే తినేస్తావేమో." ప్లేస్‌మెంట్ వచ్చిన రోజు కూడా "చెదలుకి జాబ్ వచ్చింది" అనే మెసేజ్ పెట్టారు. ఇందులో పెద్ద క్రూరత్వం ఏమీ లేదు. వాళ్లలో ఇద్దరు ఇప్పటికీ నా బెస్ట్ ఫ్రెండ్సే. కానీ ఆ రాత్రి నేను చేసిన పని మాత్రం నాకు బాగా గుర్తుంది.

డబ్బాను డస్ట్‌బిన్లో వేసి, ఇంటికి ఫోన్ చేశా. అవ్వ తీసింది. ఆమె "తింటివా నాయనా?" అని అడిగింది. నేను "ఇంకెప్పుడూ ఆ పురుగులు పంపొద్దు" అన్నా.

మా ఇంట్లో వాటిని ఎవరూ పురుగులని అనరు. ఆమె ముందు ఆ మాట వాడటం అదే మొదటిసారి. అవ్వ కాసేపు ఊరుకుని "సరే నాయనా" అంది. తర్వాత మళ్లీ పంపలేదు, అడగలేదు. నేను ఎండాకాలం సెలవులకు ఇంటికెళ్లడమూ తగ్గింది. మొదట ఇంటర్న్‌షిప్పు, తర్వాత బెంగళూరు ఉద్యోగం.

నా దగ్గర ఉన్న రెండు సాకులు

ఆ ఫన్ కాల్ తర్వాత వారమంతా ఒకటే చదువు. నాకు తప్పు చేశానన్న ఫీలింగ్ వచ్చిందంటే మొదట గూగుల్ చేస్తా, అదో రోగం.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో తినదగిన కీటకాల మీద ఒక రిపోర్టు వేసింది. ప్రపంచంలో సుమారు 200 కోట్ల మంది భోజనంలో కీటకాలు భాగమని, 1,900కు పైగా రకాలు తింటున్నారని అందులో అంచనా. ఒడిశాలో మయూర్‌భంజ్ జిల్లా వాళ్లు ఎర్రచీమలతో నూరే 'కై చట్నీ'కి 2024 జనవరిలో జీఐ ట్యాగ్ వచ్చింది. అంటే మన తిరుపతి లడ్డూ ఉన్న లిస్టులోనే చీమల చట్నీ కూడా ఉంది. ఇక రొయ్యల సంగతి. రొయ్య, చీమ, చెద అన్నీ ఒకే పెద్ద కుటుంబం, ఆర్థ్రోపోడాలు. రొయ్యల ఎలర్జీ ఉన్నవాళ్లకు పురుగులు కూడా పడకపోవచ్చని డాక్టర్లు హెచ్చరించేది అందుకే. రొయ్యల బిర్యానీ లాగిస్తూ ఉసిళ్లను చూసి మొహం తిప్పుకునేవాళ్లు, చుట్టరికం ప్రకారం చూస్తే, పెదనాన్నను పిలిచి చిన్నాన్నను గుమ్మంలోనే నిలబెట్టినట్టు.

సో, మొదటి సాకు రెడీ. ప్రోటీన్. ఫ్యూచర్ ఫుడ్. సస్టెయినబిలిటీ.

రెండో సాకు ఇంకా బలమైంది. కరువు. మాది రాయలసీమ. వాన ఒక ఏడు వస్తే రెండేళ్లు రాదు. పాపం, తినడానికి ఏమీ లేక మావాళ్లు దొరికింది తిన్నారు అని చెబితే ఎవరూ నవ్వరు. కళ్లు కూడా చెమర్చుతాయి. ఈ కాలమ్‌ను కూడా మొదట అలాగే మొదలుపెట్టా. అవ్వ కరువు కథ, ఆకలి, మట్టి పాత్ర. డ్రాఫ్ట్ చదువుకుంటే నాకే ఏడుపొచ్చింది. ఒక్క సమస్య, అవ్వను అడగలేదు.

అవ్వ నా డ్రాఫ్ట్ డిలీట్ చేసింది

మే చివర్లో ఒక శనివారం ఊరెళ్లా. అవ్వకు ఎనభై దాటాయి. ఒక కంట్లో శుక్లం తీయించారు, రెండో కన్ను బాగా మసక. మోకాళ్లు సహకరించవు గానీ నోరు మాత్రం పాత వెర్షనే, ఏ అప్‌డేటూ అక్కర్లేదు. ఫోన్లో రికార్డర్ ఆన్ చేసి పక్కన కూర్చున్నా. పెద్ద జర్నలిస్టులా అడిగా.

"అవ్వా, కరువు కాలంలో తినేదానికి ఏమీ లేకనే కదా ఉసిళ్లు తింటిరి?"

"ఎవురు చెప్పినార్రా నీకు?"

"అంటే... ఆకలికి..."

"ఆకలికి సంగటి ఉండాది. సంగటి లేనినాడు గంజి ఉండాది. గంజి లేనినాడు ఎవురింట్లోనో ఇంత అడుక్కొస్తిమి. ఏడాదికి రెండు రేత్రులు లేచే ఉసిళ్లని నమ్ముకుంటే ఆకలి తీరుతాదా నాయనా? కరువులో వానే లేకపాయె, ఉసిళ్లు యాడ లేస్తాయి?"

నాకు నోట మాట రాలేదు. నిజమే. వాన పడకపోతే ఉసిళ్లు లేవవు. కరువు ఉన్న ఏడు ఉసిళ్లు ఉండవు. రెండు నిమిషాలు ఆలోచిస్తే తెలిసే లాజిక్. డీబగ్గింగ్ నా ఉద్యోగం, ఇది మాత్రం పట్టుకోలేకపోయా.

సరే అని రెండో సాకు తీశా. "వాటిల్లో ప్రోటీన్ చాలా ఉంటాదంట అవ్వా. ఫారిన్‌లో పిండి చేసి బిస్కెట్లలో కలపతాండారు."

"అంటే మందా?"

"మందు కాదు. బలం."

"బలానికైతే గుడ్డు తినొచ్చు కదరా. ఇవి రుచికి తినేటివి. మీ తాతకు నేను జేబులో పోసిస్తే చేనికి పొయ్యేదాకా నములుకుంటా పొయ్యేటోడు. రుచిగా ఉంటాయి, తింటిమి. దానికి ఇన్ని మాటలెందుకు?"

ఆ క్షణంలో నాకు అర్థమైంది ఇది. కరువు సాకైనా, ప్రోటీన్ సాకైనా రెండూ క్షమాపణలే. ఒకదాంట్లో 'గతిలేక తిన్నాం, మన్నించండి' అని ఉంది. ఇంకోదాంట్లో 'ఇంగ్లీషు రిపోర్టులో కూడా ఉంది, ఒప్పుకోండి' అని ఉంది. తరవాణికి ప్రోబయోటిక్ అని, రాగి సంగటికి మిల్లెట్ బౌల్ అని పేరు పెట్టి ఫోటో తీసేటప్పుడు మనం చేసే పనీ ఇదే. పిజ్జా తినేవాణ్ని ఎందుకు తింటున్నావని ఎవరూ అడగరు. వాడు బాగుంటుంది అంటాడు, సరిపోతుంది. మా అవ్వ తిండికి మాత్రం ఆ ఒక్క కారణం చాలదా? బాగుంటుంది కాబట్టి తింది. ఈ మాట నేను హాస్టల్లో అనలేదు, ఫన్ కాల్‌లోనూ అనలేదు.

చివరికి అసలు అడగాల్సింది అడిగా. గొంతు కొంచెం పట్టుకుంది. "అవ్వా, ఆ పొద్దు నేను ఫోన్లో అట్ల అన్నందుకు నువ్వు అవి చేయడమే మానేసినావు కదా?"

అవ్వ నా వైపు తిరిగింది. మసక కన్నుతో ఎంత కనబడిందో తెలియదు. ఫక్కున నవ్వింది.

"నీకు పంపేది మానేస్తి. తినేది ఎందుకు మానేస్తానురా? నీ పాలు కూడా పక్కింటి పిల్లోడికి పెడతాండా. వాడు బాగా తింటాడు."

పదేళ్లుగా మోస్తున్న గిల్ట్ అంతా పక్కింటి పిల్లోడి కడుపులోకి పోయింది.

కానీ నవ్వు ఆగాక ఒక మాట అంది. "అయితే ఆ పొద్దు పురుగులంటివి. నేను కడిగి ఆరబోసి, ఒక్కో రెక్క తీసి పంపితి. అది మాత్రం బాధైంది." అంతకంటే ఏమీ అనలేదు. నేను సారీ చెప్పా. "సారీ ఏంది, పొయ్యి మీద నీళ్లు కాగతాండాయి చూడు పో" అంది.

ఆదివారం రాత్రి

ఆ వారం వాన పడింది. అవ్వ గడప దగ్గర కూర్చుని గాలి పీల్చి "ఈ రేత్రికే" అంది. సోమవారానికి లీవ్ పెట్టా. కారణం 'ఫ్యామిలీ ఫంక్షన్' అని రాశా. అబద్ధం కాదనే అనుకుంటున్నా.

మా పాత పుట్ట ఇప్పుడు లేదు. ఆ చేను ప్లాట్లయింది, రాళ్లు పాతారు. కట్టిన ఇళ్ల పునాదుల్లో చెదల మందు కొట్టారు. అటువైపు లేచినవి తినకూడదని పక్కింటి పిల్లోడే నాకు చెప్పాడు. మందు కొట్టిన చోటు, కొట్టని చోటు వాడికి లెక్క ఉంది. చెరువు గట్టు వైపు తీసుకెళ్లాడు. ఈసారి లాంతరు బదులు నా ఫోన్ టార్చి, బేసిన్ మాత్రం పాతదే. వాడు ముందు పుట్టకు దణ్నం పెట్టాడు. నాకు గుర్తు రాలేదు, వాణ్ని చూసి పెట్టా.

పొద్దున అవ్వ మంగలం దగ్గర స్టూలేసుకుని కూర్చుంది. కళ్లు సరిగా కనబడవు కదా, వేగింది లేనిది వాసనతో చెబుతోంది. నేను తిప్పుతున్నా. "ఇంగ దించు" అంది. నాకైతే ఇంకో నిమిషం ఉండాలనిపించింది. ఉంచా. అడుగున కొన్ని మాడాయి. "చెప్తే వినవు, మీ తాత మాదిరే" అంది.

మళ్లీ ఆఫీసులో

మంగళవారం ఆఫీసుకు చిన్న స్టీలు డబ్బా పట్టుకెళ్లా. నేరుగా అస్సాం అమ్మాయి డెస్క్ దగ్గరకెళ్లి, ఆ రోజు వాంతి ఎమోజీ పెట్టింది నేనే అని చెప్పా. "తెలుసు, పేరు కనబడుతుంది" అంది. చెప్పాలనుకున్న మిగతా డైలాగులన్నీ మర్చిపోయి డబ్బా మూత తీశా. ఇవేంటో చెప్పా. ఆమె లోపలికి చూసి, చిటికెడు తీసుకుని నమిలింది.

"బాగున్నాయి. కారం తక్కువైంది. కొన్ని మాడాయి."

మా అవ్వ కంటే మర్యాదగానే చెప్పింది. తర్వాత ఆమె వాళ్లమ్మ పట్టుపురుగులు ఎలా వేయిస్తుందో, గూడు ఎలా విప్పుతారో చెప్పింది. ఇద్దరం అరగంట మాట్లాడుకున్నాం. స్టాండప్‌కి లేటయ్యాం.

గోదావరి అన్న రెండు గింజలు నోట్లో వేసుకుని "చెనక్కాయలే తగులుతున్నాయి" అని తప్పించుకున్నాడు. ఢిల్లీ కుర్రాడు చేతులు జోడించి వద్దన్నాడు. నేను బలవంతం చేయలేదు. ఇష్టం లేని తిండి వద్దనే హక్కు అందరికీ ఉంది. నాకు కాకరకాయంటే పడదు, ఎవరైనా తినిపిస్తే ఒప్పుకోను. ఎదుటివాళ్ల పళ్లెం చూసి "వద్దు" అనడం వేరు, "ఛీ" అనడం వేరు. కాల్‌లో నేను చేసింది రెండోది.

ఈ నెల ఫన్ కాల్‌లో ఆట నడిపే వంతు నాది. అదే ప్రశ్న మళ్లీ అడుగుతా, వింత అనే మాట ఒక్కటి తీసేసి. చిన్నప్పుడు మీ ఇంట్లో ఏ తిండి వాసనొస్తే మీరు ఆట ఆపి పరిగెత్తేవాళ్లు? మీరూ చెప్పండి. కరువు కథ అక్కర్లేదు, ప్రోటీన్ లెక్క అక్కర్లేదు. రుచి ఎలా ఉండేదో రాయండి చాలు.

అవ్వ డబ్బాలో ఇంకా రెండు గుప్పెళ్లున్నాయి. ఇది రాస్తూ ఒక గుప్పెడు అయిపోయింది.